తొట్టెల తాడు

జూన్ 14

పది గంటలకు రమ్మని నేనే రాసి తలుపుకు అంటించాను. నేనే పదీ ఇరవైకి చేరాను. మొదటి రోజు కదా, చీర కడితే కాస్త పెద్దదానిలా కనిపిస్తానని... కుచ్చిళ్ళు తెమిలేసరికి మా ఊరి బస్సు వెళ్ళిపోయింది.

గదిలో ఎవరూ లేరు. కుర్చీలు మాత్రం దారం పట్టి సరిచూసినట్టు వరుసగా ఉన్నాయి. నిన్న నేను వేసింది అలా కాదు.

ఎదురుగా చాయ్ దుకాణం ఆయన నవ్వు ఆపుకుంటూ — "మిలిటరోళ్ళ కోసమేనా మేడమ్? అందరు వచ్చిండ్రు. కూసున్నరు. పదీ అయిదుకు లేసి పోయిండ్రు. కుర్సీలు గూడ సదిరి పోయిండ్రు."

రామన్నపేటలో మాజీ సైనికుల మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, తొలి సమావేశం. సైనికులు హాజరు. కౌన్సిలర్ గైర్హాజరు. నల్లగొండ ఆఫీసుకు ఈ వాక్యం ఎలా పంపాలి?

జూన్ 15

సుబేదార్ నర్సింహారెడ్డి గారికి ఫోన్ చేశాను. రిటైరై చాలా ఏళ్ళయింది, అయినా ఈ మండలంలో ఫౌజీలందరికీ ఇప్పటికీ ఆయన మాటే ఆర్డరు. క్షమించమన్నాను. బస్సు సంగతి చెప్పాను. చీర సంగతి చెప్పలేదు.

"బేటీ, ఫౌజుల పది అంటే తొమ్మిదీ ముప్పావు. నీకెర్క లేదు, మాఫ్. వచ్చే శనివారం మల్ల వస్తం." ఫోన్ పెట్టేసే ముందు — "నువ్వు గూడ రా."

జూన్ 21

తొమ్మిదికే వెళ్ళి కూర్చున్నాను. చుడీదార్.

అందరూ వచ్చారు. ఆఫీసు ఇచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటే చదివాను. నిద్ర బాగా పడుతోందా? — సబ్ ఠీక్. కోపం ఎక్కువగా వస్తోందా? — సబ్ ఠీక్. పీడకలలు? — సబ్ ఠీక్ మేడమ్. సుబేదార్ గారు సబ్ ఠీక్. పోచంపల్లి బాలరాజు అన్న, నాయక్‌గా దిగి వచ్చి మళ్ళీ ఇంట్లో మగ్గం ఎక్కినాయన, ఆయనా సబ్ ఠీక్. తలుపు పక్కన గోడకు వీపు ఆనించి కూర్చున్న సత్తయ్య మామ, అందరికంటే చివర, నేలను చూస్తూ — సబ్ ఠీక్.

మామ కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

మా వాడకట్టే. వరుసకు మామ. హవల్దార్‌గా పెన్షన్ తీసుకుని వచ్చి, గొర్రెలు కొని, మా బాపుతో మంద కలిపాడు. వచ్చిన కొన్నాళ్ళ నుంచీ ఇంట్లో పడుకోడు. మంద దగ్గరే మంచం. ఊరందరికీ తెలిసిన సంగతే. మొగుడూ పెళ్ళాలకు పడదని అనుకుంటారు. అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

అందరూ బాగుంటే నాకిక్కడేం పని?

సాయంత్రం బాపు గొర్రెలు తోలుకొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ — "ఇయ్యాల ఏం పని జేసినవ్ బిడ్డా?"

"మాట్లాడిన బాపూ."

"మాట్లాడితే జీతమిస్తరా?" చెంబుతో నీళ్ళు ముంచుకున్నాడు. "గట్లయితే మీ అవ్వకు కలెక్టరు జీతం రావాలె."

అవ్వ, అంటే మా నాయనమ్మ, చేతికర్ర ఎత్తింది. బాపు చెంబు వదిలి పరుగు.

మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. ఎమ్మెస్‌డబ్ల్యూ అంటే ఏమిటో ఇప్పటికీ వీళ్ళకు చెప్పలేకపోతున్నాను.

జూన్ 29

నల్లా దగ్గర యాదమ్మ అత్త ఆపింది. సత్తయ్య మామ భార్య. బిందె నిండి పొర్లుతోంది, చూసుకోవడం లేదు.

వాళ్ళ కూతురు మౌనికకు అయిదో నెలట. సంతోషం. తొలి కాన్పు, తల్లిగారింట్లోనే కావాలి. కానీ...

"మీ మామ ఏమన్నడో ఎర్కనా? పసిగుడ్డు ఇంట్లకొస్తే నేను ఈ వాకిలి తొక్క అన్నడు. మంద కాడికే బువ్వ పంపు అన్నడు. తాత గాబోతున్నోడు అనే మాటనా గది?"

ఎందుకని అడిగాను. అత్త మోచేతి దాకా గాజులు పైకి తోసింది. సన్నని మచ్చ.

"వచ్చిన కొత్తల్ల. పండుకున్నడు, బువ్వ తింటడని భుజం వట్టి లేపిన. గంతే. కండ్లు దెరిసిండు గని నన్ను జూస్తలేడు, ఎవల్నో జూస్తుండు. చెయ్యి గిట్ల మెలేసి కింద వడేసిండు. గాజులు పలిగినయ్. ఎర్క వచ్చినంక నాకంటె ఎక్కువ ఆయనే ఏడ్సిండు. తెల్లారి మంచం భుజానేసుకొని మంద కాడికి వోయిండు. ఇగ తేలే."

నీళ్ళు నా చెప్పుల మీదికి వచ్చాయి.

"పెద్ద పాణానికే గట్లయితే పసిగుడ్డు సంగతేంది అని ఆయన భయం. నువ్వు సదువుకున్నవ్ గద రేణుకా. కార్తీకం దాక టైమున్నది. జర ఏమన్న చెయ్యి."

చేస్తానన్నాను. ఏం చేస్తానో చెప్పలేదు. నాకూ తెలియదు.

జులై 5

ఈ రోజు రాయకుండా ఉండలేను.

ఆఫీసు ప్రశ్నలు బ్యాగులోంచి తీయలేదు. చాయ్ తెప్పించాను. సుబేదార్ గారు పాత రోజుల్లో పహరా డ్యూటీలు ఎలా పంచేవారో చెబుతున్నారు. నేను ఊరికే, నవ్వుతూ అడిగాను: "నిన్న రాత్రి సంత్రీ డ్యూటీ ఎవరిది?"

బాలరాజు అన్న వెంటనే — "నాది రెండు నుంచి నాలుగు. లేసి మగ్గం మీద కూసుంట. మా ఇంటామె లొల్లి, ఆ టకటకకు పక్కింటోళ్ళు గూడ సంత్రీలే అంటది."

నవ్వులు. వెనకనుంచి ఇంకొకాయన — నాది తొలిజాము. ఇంకొకాయన — నేను గేటు తాళం చూసొస్తా, పడుకుంటా, మళ్ళీ చూసొస్తా. సుబేదార్ గారు మీసం సవరించుకుని — "నాది గూడ ఉన్నది. నడిజాము. ఇంట్లోళ్ళకు చెప్పలే."

అంటే ఎవరికీ నిద్ర లేదు. సబ్ ఠీక్ అన్నవాళ్ళెవరికీ. గేటు దగ్గర నిలబడి ఎవరు అడిగినా అదే జవాబు చెప్పి చెప్పి... నేను "బాగున్నారా" అని అడిగితే ఇంకేం చెబుతారు? పెద్ద ఆఫీసరు వచ్చి అడిగినట్టే అడిగాను కదా.

చివరికి సత్తయ్య మామ. "నాది రాత్రంత."

ఎవరూ నవ్వలేదు.

బాలరాజు అన్న మెల్లగా — "రిలీఫ్ రాలేదా అన్నా, డ్యూటీ దింపెటోడు?"

"రాలే."

సుబేదార్ గారు తన చాయ్ గ్లాసు తీసుకెళ్ళి మామ పక్కన కూర్చున్నారు. అంతే.

జులై 6

ఆఫీసుకు ఫోన్. ఈ ప్రశ్నలు ఇలా అడిగితే లాభం లేదండీ, మార్చాలి అన్నాను. రాసి పంపమన్నారు. ఇంకా రెండు అడిగాను — మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ నెలకోసారైనా రామన్నపేటకే రావాలని, శనివారాలు ఇంటి ఆడవాళ్ళను కూడా పిలవాలని. అవీ రాసి పంపమన్నారు. రాస్తున్నాను.

జులై 12

మామను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోవాలి. గురువారం నల్లగొండకు వస్తారు. మామ రానంటే రానన్నాడు.

"గొర్రెకు సూదేస్తే నేను వట్టుకుంట. నాకేస్తే ఎవడు వట్టాలె?"

సుబేదార్ గారు లేచి — "నేను వట్టుకుంట. గురువారం, మొదటి బస్సు. ఫాలిన్."

వరుసలో నిలబడమనే ఆర్డరు అది; మామ లేచి నిలబడ్డాడు. ఈ ఒక్క మాట నాకు చేతనైతే ఎంత బాగుండు... ఫాలిన్.

జులై 17

నల్లగొండ వెళ్ళొచ్చాం. బస్సులో మామ చివరి సీటు, కిటికీ పక్కన. సుబేదార్ గారు దారి పొడుగునా వాళ్ళ మామిడితోట కబుర్లు.

డాక్టరమ్మ అన్నీ నిదానంగా అడిగింది. నన్ను బయటకు పొమ్మంది కానీ మామే ఉండమన్నాడు. ఇది పిచ్చి కాదని, భయం పడ్డ ఒళ్ళు ఇంకా కాపలా దిగలేదని, దీనికి మందు ఉందని, మాటలూ ఉన్నాయని చెప్పింది. చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడిగింది.

మామ కిటికీలోంచి చూస్తూ — "ఒకప్పుడు. గొర్లు గొన్నంక అనిపిస్తలేదు. పొద్దుగాల అవి లేపుతయ్ గద."

"అవి లేపితే ఉలిక్కిపడరా?" డాక్టరమ్మ.

"దూరం నుంచే అరుస్తయ్ మేడమ్. మీదికి రావు."

మాత్రలు రాసిచ్చింది. సూది లేదు. మామ ముఖం తేటపడింది. బస్టాండు దగ్గర మాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు.

దూరం నుంచే అరుస్తయ్... ఈ మాట బస్సంతా నాతోనే ఉంది.

ఆగస్టు 2

ఆఫీసు ఒప్పుకుంది, ఆడవాళ్ళను పిలవచ్చని. యాదమ్మ అత్త అందరికంటే ముందు వచ్చింది, టిఫిన్ డబ్బాలో ఉడికించిన శనగ గుడాలతో. మామ మామూలుగా తలుపు పక్కన.

అడిగాను: ఫౌజులో నిద్రపోతున్నవాణ్ణి ఎలా లేపుతారు?

సుబేదార్ గారికి పాఠం చెప్పే అవకాశం. బాలరాజు అన్నను బల్ల మీద పడుకోమన్నారు. ఆయన గురక కూడా పెట్టాడు.

"తల దిక్కు వోవద్దు. చేత్తో ముట్టద్దు. గిట్ల, కాళ్ళ దిక్కు, ఒక బారెడు ఎడంల నిలవడాలె. పేరు వెట్టి పిలవాలె. వాడు జవాబిచ్చేదాక జరుగొద్దు. రిలీఫ్ సంత్రీని ఎట్ల లేపుతమో గట్ల."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పేరు వెట్టా?"

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు.

"పాతికేండ్ల సంసారంల ఒక్కపారి అనలే. ఓటరు లిస్టు రాసెటోళ్ళు అడిగితే మౌనికను బిలిచి చెప్పిచ్చిన."

"మరి ఎట్ల లేపుతవ్ అత్తా?"

"ఇగో అంట. లేవకుంటె భుజం వట్టి ఊపుత. ఎవలైన గంతే గద?"

బల్ల మీదనుంచి బాలరాజు అన్న కళ్ళు తెరవకుండానే — "ఇగో అంటే ఎవడు లేస్తడు వదినా? ఫౌజుల ఇగో అనెటోడు ఒక్కడు గూడ లేడు."

గదంతా నవ్వు. నేనూ నవ్వాను. తరువాత ఆగిపోయాను. మా అమ్మ కూడా బాపు పేరు అనదు. భుజం పట్టే లేపుతుంది. ఇది చూస్తూనే పెరిగాను. పేరు అనకూడదు కాబట్టి ముట్టాలి. ముట్టకూడదని అత్తకు ఎవరూ చెప్పలేదు. పేరు పిలిస్తే చాలని మామ చెప్పలేదు — చెప్పాలని ఆయనకు తోచి ఉండదు. ఇద్దరూ మంచివాళ్ళే. ఎవరి పద్ధతి వాళ్ళు తప్పకుండా పాటించారు.

సుబేదార్ గారు కాసేపు గడ్డం గోక్కుని — "పేరు అనకు. ర్యాంకు అను. ర్యాంకు సర్కారుది, మొగనిది గాదు."

అత్త ఆలోచించింది. ఇందులో దోషమేమైనా ఉందా అని పక్కవాళ్ళను చూసింది. లేనట్టే ఉంది.

"హవల్దార్ సాబ్." చీమకైనా వినిపించదు.

"గింత మెల్లగనా? గొర్రెపిల్ల గూడ లేవది" అన్నాడు బాలరాజు అన్న.

సత్తయ్య మామ తనకేమీ పట్టనట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఎర్రగా.

ఆగస్టు 4

అత్త ఇంట్లో పిల్లిని హవల్దార్ సాబ్ అని పిలిచి నోటికి అలవాటు చేసుకుంటోందట. అవ్వ వచ్చి చెప్పింది. "దానికేమైంది బిడ్డా, మంచిగనే ఉండె గద?"

ఆగస్టు 10

డాక్టరమ్మకు ఫోన్‌లో చెబితే మంచిదే, ముందు పగటి నిద్రతో మొదలుపెట్టండి అంది. తొందర వద్దంది. నేను అప్పటికే మంద దారిలో ఉన్నాను.

మధ్యాహ్నం. గొర్రెలు తుమ్మల నీడలో. మామ మంచం మీద, ముఖం మీద తువ్వాల. మాత్రలు మొదలుపెట్టాక పగలు కాస్త కునుకు పడుతోంది. బాపు, ఇంకో ఇద్దరు కాపర్లు పక్కన చెట్టు కింద. అత్త చాయ్ ఫ్లాస్కు పట్టుకుని కాళ్ళ వైపు నిలబడింది. బారెడు కాదు, మూడు బారలు. నేను ఆమె వెనక.

"హవల్దార్ సాబ్."

కదలిక లేదు.

అత్త గట్టిగా ఊపిరి తీసుకుంది. "హవల్దార్ సాబ్! చాయ్!"

మామ లేచాడు. లేవడం కాదు, నిలబడ్డాడు. తువ్వాల ఒక దిక్కు, చెప్పులు ఒక దిక్కు. మడమలు కలిపి సెల్యూట్. ఎదురుగా ఫ్లాస్కు పట్టుకున్న భార్య.

కాపర్లు పడీ పడీ నవ్వారు. అత్త ఏం చేయాలో తెలియక తనూ చెయ్యి నుదుటికి పెట్టింది. అప్పుడు మామ నవ్వాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన పళ్ళు ఇన్ని కనిపించడం ఇదే మొదలు.

"నా పేరు గూడ గిట్లనే ఉంటె మంచిగుండు" అన్నాడు బాపు. "నన్ను బిలిస్తే చాయ్ రాదు, లేసి సద్ది ముల్లె ఎత్తుడే ఉంటది."

ఆగస్టు 11

నిన్న రాత్రంతా నవ్వు వస్తూనే ఉంది.

ఆగస్టు 30

మామ ఇప్పుడు మధ్యాహ్నాలు ఇంటికొచ్చి అరుగు మీద పడుకుంటున్నాడు. అత్త లేపుతుంది. ఉలికిపాటు ఉంది, చెయ్యి లేవడం లేదు.

బాపుకు మాత్రం దిగులు పట్టుకుంది. అన్నం తింటూ — "రేణుకా, నువ్వు ఆయన్ను మంచిగ జేస్తే మందకు కావలి ఎవరుంటరు? ఇన్నొద్దులు ఆయన నిద్ర వోడు, నేను ఫికర్ లేకుంట పండుకున్న."

"అందుకేనా ఎన్నడూ ఆయనను అడగలే?"

బాపు ముద్ద ఆపాడు. "అడుగుడు రాలే బిడ్డా." మళ్ళీ తినసాగాడు.

సెప్టెంబర్ 23

మౌనిక వచ్చింది. బతుకమ్మ మొదలైంది కదా, కాన్పు దాకా ఇక్కడే. పొట్ట ముందు, తను వెనక. పాదాలు వాచాయి. మా ఇద్దరికీ ఒకటే ముచ్చట్లు.

"వదినా, మా బాపు నా మొఖం జూస్తడు గని పొట్ట దిక్కు జూడడు."

"భయం."

"నాక్కూడ భయమే. నేను పారిపోతున్ననా మరి?"

ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే.

అక్టోబర్ 4

నిన్న రాత్రి మామ అరుగు మీదే పడుకున్నాడట, తెల్లారేదాకా. పొద్దున అత్త మా ఇంటికి వచ్చి చెప్పిపోయింది. చెప్పేటప్పుడు గుసగుసగా చెప్పింది, ఎవరన్నా వింటే చెడిపోతుందేమో అన్నట్టు.

బాపు మంద దగ్గరనుంచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా. నన్ను చూసి — "సబ్ ఠీక్."

అక్టోబర్ 21

నిన్న దీపావళి. టపాకాయలు. మామ మంచం మళ్ళీ మంద దగ్గర.

అక్టోబర్ 22

అత్త నాతో మాట్లాడలేదు. మాట్లాడింది కానీ మామూలు మాటలు. మౌనిక గది తలుపు మూసి ఉంది. నావల్లే అయినట్టు ఉంది. కార్తీకం మొదలైంది.

అక్టోబర్ 25

మామ శనివారానికి వస్తాడనుకోలేదు. తొమ్మిదీ ముప్పావుకు ఉన్నాడు.

సంత్రీ ప్రశ్న ఎవరూ అడగకముందే — "వెనుకకు వోయిన." అందరి ముందూ అన్నాడు.

సుబేదార్ గారు — "పోస్టు వదిలిపెట్టి వురికినవా?"

"లే సాబ్. మంచం తీస్కొని నడిసే వోయిన."

"గట్లయితే అది వెనుకకు జరుగుడు. మల్ల ముందుకు జరగొచ్చు. రాసుకో బేటీ." నిజంగానే రాసుకున్నాను.

ఇంకో సంగతి కూడా బయటపడింది. దసరా తర్వాత మాత్రలు మానేశాడట. మంచిగైన గద అని! డాక్టరమ్మ ఈసారి రామన్నపేటకే వచ్చింది — ఆఫీసు ఒప్పుకున్న మొదటి నెల, నా కాగితం పని చేసింది. మామకు అక్షింతలు పడ్డాయి. మానాలంటే నేను చెప్పాలి, మీరు కాదు అంది. "జీ మేడమ్." సెల్యూట్ ఒక్కటే తక్కువ.

వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచి — కాన్పు నాటికి ఆయన ఇంట్లో ఉంటాడని ఎవరికీ మాట ఇవ్వకు, ఆయన నడక ఆయనది అంది. నేను అత్తకు ఎప్పుడో ఇచ్చేశానని చెప్పలేదు.

నవంబర్ 19

ఆడపిల్ల. రామన్నపేట దవాఖానలో. తల్లీ బిడ్డా క్షేమం. మామ గేటు బయట వేపచెట్టు కింద పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు. చెప్పగానే చెట్టు పట్టుకున్నాడు. లోపలికి రాలేదు.

నవంబర్ 24

పాప ఇంటికి వచ్చింది. మామ మంచం అరుగు మీదికి వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. అరుగు మీదనుంచి లోపలి ఏడుపు వింటాడు. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు వేరువేరుగా చెబుతాడట. "పాలకు ఏడుస్తాంది" అని బయటనుంచి కేక. మౌనికకు నవ్వూ, కోపమూ. "పాలిచ్చేది నేను, చెప్పేది ఆయన."

గడప మాత్రం దాటడు.

డిసెంబర్ 9

తొట్టెల పండుగ. ఇంటి నిండా చుట్టాలు. తొట్టెకు కట్టే బట్ట బాలరాజు అన్న నేశాడు. మెత్తని నూలు, అంచు మీద చిన్న చిన్న చిలకలు. అచ్చు కాదు, మగ్గం మీద తేలినవే. "రెండు నుంచి నాలుగు డ్యూటీల నేసిన" అన్నాడు. సుబేదార్ గారు వెండి మొలతాడు తెచ్చారు. తొమ్మిదీ ముప్పావుకు.

పాపను తొట్టెలో వేశారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. అందరూ ఒక్కో ఊపు ఊపాలి. తాత ఏడీ, తాత ఊపాలె అని చుట్టాలు. మామ అరుగు మీద. గడప అవతల. అందరూ అటు చూస్తున్నారు. బలవంతం చేస్తారేమో, చెయ్యి పట్టి లాగుతారేమో...

బాపు లేచాడు. సంచీలోంచి తాడు తీశాడు. కొత్త జనుప తాడు, ఈ వారమంతా మంద దగ్గర రాత్రుళ్ళు కాపలా కాస్తూ పేనిందే. చాలా పొడుగు. ఒక కొస తొట్టెకు కట్టి, గది దాటించి, గడప మీదుగా తీసుకెళ్ళి రెండో కొస మామ చేతిలో పెట్టాడు.

"గుంజు బావా."

మామ తాడు వైపు చూశాడు. మెల్లగా గుంజాడు. లోపల తొట్టె ఊగింది. వదిలాడు. మళ్ళీ గుంజాడు. పాప కళ్ళు మూసింది.

పాట ఎవరూ ఆపలేదు.

"అడుగుడు రాలే" అన్నాడు బాపు ఆ రోజు. తాడు పేనుడు వచ్చు.

డిసెంబర్ 14

తాడుకు తట్టుకుని ఇంట్లో అందరూ పడుతున్నారు. మొన్న అవ్వ పడబోయింది. "ఇల్లా, బర్రెల కొట్టమా?" అని తిట్టి వచ్చింది. అత్త కూడా — "జర కురచ చెయ్యరాదూ ఆ తాడు?"

మామ — "చూస్త."

తాడు కురచ చేయాలంటే మంచం దగ్గరికి జరగాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అత్తకూ తెలుసు. ఇద్దరూ తాడు గురించే మాట్లాడుకుంటున్నారు.

డిసెంబర్ 17

నల్లగొండ ఆఫీసు నుంచి ఫోన్. మన సంత్రీ ప్రశ్న మిగతా మండలాల్లోనూ అడిగి చూస్తారట. ఎవరి ఆలోచన అని అడిగారు. బాలరాజు అన్నది అన్నాను; అడిగింది నేనే అయినా, మొదట జవాబిచ్చి దాన్ని ప్రశ్న చేసింది ఆయనే కదా. నాయక్ బాలరాజు అని రాసుకోండి అన్నాను. ఫోన్ పెట్టేశాక చాయ్ దుకాణంలో రెండు చాయ్‌లు తాగాను.

డిసెంబర్ 21

పొద్దున పాపను చూద్దామని వెళ్ళాను. ఇంట్లోకి వెళ్ళే దారి లేదు.

నులక మంచం గడప మీదుగా అడ్డంగా పడి ఉంది. మంచం కోళ్ళు రెండు లోపల, రెండు బయట. మామ పడుకుని ఉన్నాడు. తల అరుగు వైపు, కాళ్ళు ఇంట్లోకి. తాడు మిగులు చేతికి చుట్టుకుని ఉంది, నిద్రలో కూడా వేళ్ళు కదులుతున్నాయి. లోపల తొట్టె సన్నగా ఊగుతోంది.

నా వెనకే అవ్వ. "గడప మీద మంచమేస్తరా ఎవలన్న? దరిద్రం." గట్టిగా కాదు. మెల్లగానే అంది.

అత్త చాటతో లోపల నిలబడింది, కాళ్ళ దిక్కు, బారెడు ఎడంలో. "హవల్దార్ సాబ్."

మామ కళ్ళు తెరిచాడు. ఉలికిపాటు లేదు. ఉందేమో, నాకు కనిపించలేదు.

"లోపలికన్న జరుగు, బయటికన్న జరుగు. చాట వట్కొని నేనెట్ల వోవాలె?"

"జర ఆగు."

"ఎంతసేపు?"

మామ నన్ను చూశాడు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది — "బాగున్నవా మామా?" అడిగాక నాలుక కరుచుకున్నాను. ఇక సబ్ ఠీక్ వస్తుంది, వినాలి.

రాలేదు. తాడు ఒకసారి గుంజి, వదిలి, లోపల తొట్టె వైపు చూస్తూ, ఈసారి నిజంగా ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. మేమంతా అక్కడే నిలబడ్డాం, అత్త లోపల, మేం బయట.